తోపూరు యుద్ధం

1565 నాటి తళ్లికోట ఓటమితోనే విజయనగర సామ్రాజ్యం ముగిసిందని చాలామంది అనుకొంటారు. ఆ తరువాత కూడా అది దశాబ్దాలపాటు నిలిచింది. దాన్ని లోపలినుంచి కుంగదీసింది 1614లో మొదలైన వారసత్వ యుద్ధం.

ఆ ఏడాది రెండవ వేంకటపతిరాయలు తన అన్న కొడుకు శ్రీరంగరాయలను వారసునిగా ప్రకటించి మరణించాడు. గొబ్బూరి జగ్గరాయడు అందుకు ఒప్పుకోక, రాణి కొడుకని చెప్పిన బాలుణ్ణి నిలబెట్టి, శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపించాడు. వెలుగోటి యాచమనాయకుడు మాత్రం వారి రెండవ కుమారుడు రామదేవుణ్ణి ఒక చాకలి సాయంతో ముందే కోట దాటించాడు. ఈ సంగతి పోర్చుగీసు మతగురువు బర్రదాస్ 1616లో రాసిన లేఖలో ఉంది.

మధుర, జింజి నాయకులు జగ్గరాయని పక్షాన చేరారు. తంజావూరు రఘునాథనాయకుడు యాచమనాయకునికి తోడయ్యాడు. శత్రువులు కావేరిపై ఆనకట్టను తెగగొట్టారని తంజావూరు ఆస్థానకవులు రాశారు. అంటే దెబ్బ తగిలింది సైన్యానికే కాదు, రైతుకు కూడా.

1616-17లో తిరుచిరాపల్లి సమీపంలోని తోపూరు వద్ద జరిగిన పోరులో జగ్గరాయడు హతుడయ్యాడు. రామదేవునికి సింహాసనం దక్కింది. కాని ఆ గెలుపు నాయకుల బలంతో వచ్చింది. కాబట్టి వారిని అదుపుచేసే శక్తి చక్రవర్తికి మిగలలేదు. సామ్రాజ్య పతనానికి ఇదొక ముఖ్యకారణమని గుర్తుంచుకోండి.