రెక్కలు కొనాలా? కట్టుకోవాలా?
యుద్ధ విమానాల కాంట్రాక్టులపై వాదం - అనంత పల్లెలకూ అందులో వాటా

గుమ్మఘట్ట: యుద్ధ విమానాలను విదేశీ కంపెనీల దగ్గర కొనాలా, మన దేశంలోనే తయారు చేసుకోవాలా అన్న వాదం ఢిల్లీలో అరవై ఏళ్లకు పైగా సాగుతోంది. వాన కోసం మబ్బు వంక చూసే గుమ్మఘట్ట రైతుకు మబ్బుల పైన ఎగిరే విమానంతో పనేమిటని అనిపించవచ్చు. పని ఉంది. విమానాలు తయారయ్యే బెంగుళూరు ఈ ప్రాంత కూలీలు వలస వెళ్లే ఊరే. పైలట్ లేని విమానాలను పరీక్షించే చళ్లకెర కర్ణాటక సరిహద్దు దాటగానే వస్తుంది. విమానాల ఫ్యాక్టరీకి ఇస్తామని మాట నడిచిన భూములు ఉమ్మడి అనంతపురం జిల్లావి. అన్నిటికీ మించి, ఈ కొనుగోళ్లకు పెట్టే వేల కోట్లు ఎరువు బస్తా మొదలు సబ్బు బిళ్ల దాకా పన్ను కట్టే ప్రతి ఇంటి సొమ్ము.

ఇంజను దొరకని మారుత్

బెంగుళూరులో 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానం సాయంతో విమానాల కర్మాగారం పెట్టారు. అదే నేటి హిందుస్థాన్ ఏరోనాటిక్స్, అంటే హెచ్.ఎ.ఎల్. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత సొంతంగా యుద్ధ విమానం చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. జర్మనీకి చెందిన పేరుపొందిన విమాన నిపుణుడు కుర్ట్ టాంక్‌ను 1956లో పిలిపించింది. ఆయన మన ఇంజనీర్లతో కలిసి రూపొందించిన మారుత్ 1961 జూన్ 17న తొలిసారి ఎగిరింది. 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారిలో శత్రువుల ట్యాంకులపై దాడి చేసింది.

అయితే మారుత్‌కు తగిన ఇంజను మాత్రం దొరకలేదు. శరీరం ధ్వనిని మించిన వేగానికి కట్టినది, అమర్చిన బ్రిటిష్ ఇంజనుకు అంత బలం లేదు. మరింత శక్తిగల ఇంజను తయారీకి బ్రిటిష్ కంపెనీ అడిగిన ఖర్చు పెట్టుకోవడానికి మన ప్రభుత్వం ముందుకు రాలేదు. ఈజిప్టుతో కలిసి చేసిన ప్రయత్నం కూడా ఫలించలేదు. చివరకు 147 విమానాలతో ఆ కథ ముగిసింది. అరకతో దున్నే నేలకు దూడలను కట్టినట్లయింది.

మిగ్‌లు నేర్పిన పాఠం

మారుత్ నడుస్తుండగానే ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో మిగ్-21 ఒప్పందం చేసుకుంది. 1963 నుంచి ఆ విమానాలు వైమానిక దళంలో చేరాయి. ఆ దేశం విమానాలు అమ్మి ఊరుకోలేదు, మన దగ్గర తయారు చేసుకునే హక్కు కూడా ఇచ్చింది. నాసిక్‌లో శరీరం, ఒరిస్సాలోని కోరాపుట్‌లో ఇంజను, హైదరాబాద్ బాలానగర్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారయ్యాయి. వేలాది మంది తెలుగు కార్మికులు, ఇంజనీర్లు ఆ పని నేర్చుకున్నారు.

కాని నక్షా మాత్రం పరాయిది. నక్షా చూసి విమానం కట్టడం వచ్చిందే గాని, కొత్త నక్షా గీయడం దానితో రాలేదు. మిగ్‌ల స్థానంలో కొత్తవి సమయానికి రాకపోవడంతో పాతవాటినే నడిపించారు. రష్యా నుంచి వచ్చిన 872 మిగ్ రకం విమానాల్లో 482 ప్రమాదాల పాలయ్యాయని, 171 మంది పైలట్లు, 39 మంది సామాన్య పౌరులు మరణించారని 2012లో నాటి రక్షణ మంత్రి ఎ.కె.ఆంటొనీ పార్లమెంటుకు చెప్పారు. చివరి మిగ్-21లు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్నాయి. దానితో 42 స్క్వాడ్రన్లు ఉండవలసిన వైమానిక దళంలో 29 మాత్రమే మిగిలాయి. కాంట్రాక్టు ఎవరికన్నది తేల్చడంలో జరిగే ఆలస్యం కూడా ప్రాణాలు తీస్తుందనడానికి ఈ లెక్కే సాక్ష్యం.

రాఫెల్ రగడ

మిగ్‌ల లోటు పూడ్చడానికి 2007లో 126 విమానాలకు టెండర్లు పిలిచారు. 18 విమానాలు తయారై రావాలి, మిగిలిన 108 హెచ్.ఎ.ఎల్. చేయాలి. అమెరికా, రష్యా, యూరప్ కంపెనీలు పోటీ పడగా 2012 జనవరిలో ఫ్రాన్సుకు చెందిన దసో కంపెనీ రాఫెల్ ముందు నిలిచింది. కాని బేరం తెగలేదు. హెచ్.ఎ.ఎల్. చేసిన విమానానికి హామీ ఎవరిది, ఒక్కో విమానానికి ఎన్ని పనిగంటలు పడతాయి అన్న దగ్గర చర్చలు ఆగిపోయాయి.

2015 ఏప్రిల్‌లో ప్రధాని నరేంద్ర మోదీ పారిస్‌లో 36 రాఫెల్‌లు నేరుగా కొంటామని ప్రకటించారు. 2016 సెప్టెంబరు 23న సుమారు 59 వేల కోట్ల రూపాయలకు ఒప్పందం కుదిరింది. ఎక్కువ ధర పెట్టారని, హెచ్.ఎ.ఎల్.ను పక్కన పెట్టి అనుభవం లేని అనిల్ అంబానీ కంపెనీకి భాగస్వామ్యం దక్కేలా చేశారని ప్రతిపక్షాలు ఆరోపించాయి. ప్రభుత్వం కాదంది. విచారణకు కారణం కనిపించలేదని 2018 డిసెంబరు 14న సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ పరిశీలించాలన్న పిటిషన్లను 2019 నవంబరులో కొట్టివేసింది. పాత బేరంతో పోలిస్తే ధర 2.86 శాతం తక్కువని కాగ్ నివేదిక పేర్కొంది. మొదటి ఐదు విమానాలు 2020 జూలై 29న అంబాలాలో దిగాయి.

ఈ రగడలో పెద్దగా ఎవరూ పట్టించుకోని షరతు ఒకటుంది. కాంట్రాక్టు విలువలో సగం మేరకు విదేశీ కంపెనీలు మన దేశంలో పనులు ఇవ్వాలి, సరుకు కొనాలి. పల్లె కుర్రవాడికి ఉద్యోగం వస్తుందా రాదా అన్నది ఆ షరతు అమలు మీద ఆధారపడి ఉంటుంది. 2025 జూన్‌లో దసో కంపెనీ, టాటా కంపెనీతో కలిసి రాఫెల్ శరీరాన్ని హైదరాబాద్‌లో తయారు చేయిస్తామని ప్రకటించింది. అమెరికా అపాచీ హెలికాప్టరు శరీరాలు ఇప్పటికే హైదరాబాద్ శివారు ఆదిభట్లలో తయారవుతున్నాయి.

తేజస్ తీరు

సొంత విమానమే కావాలనే వారు తేజస్‌ను చూపుతారు. 1983లో మంజూరైన ఈ పథకంలో తొలి విమానం 2001 జనవరి 4న బెంగుళూరులో ఎగిరింది. వైమానిక దళంలో తొలి స్క్వాడ్రన్ 2016 జూలైలో ఏర్పడింది. మంజూరు నుంచి స్క్వాడ్రన్ దాకా 33 ఏళ్లు పట్టింది. తండ్రి ఐ.టి.ఐ.లో చేరిన నాటి పథకం కొడుకు ఐ.టి.ఐ. ముగించే నాటికి ఫలించినట్లు.

ఆలస్యానికి హెచ్.ఎ.ఎల్. ఒక్కటే కారణం కాదు. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు పెట్టింది. అక్కడ పనిచేస్తున్న మన ఇంజనీర్లు తిరిగి రావలసి వచ్చింది. 1989లో మొదలుపెట్టిన కావేరి ఇంజను అనుకున్న బలం ఇవ్వకపోవడంతో 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు. అమెరికా జి.ఇ. కంపెనీ ఇంజనే దిక్కయింది. 83 కొత్త తేజస్‌లకు 2021 ఫిబ్రవరిలో ఆర్డరు ఇచ్చారు. 2024 మార్చి నుంచి అవి రావాలి. వాటికి కావలసిన 99 ఇంజన్లలో మొదటిదే 2025 మార్చిలో వచ్చింది. హెచ్.ఎ.ఎల్. పనితీరుపై వైమానిక దళాధిపతి ఎ.పి.సింగ్ 2025 ఫిబ్రవరిలో బెంగుళూరులోనే అసంతృప్తి వెలిబుచ్చారు. అయినా అదే ఏడాది సెప్టెంబరులో 62 వేల కోట్లకు పైగా విలువగల మరో 97 తేజస్‌లకు ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. నవంబరు 21న దుబాయ్ ప్రదర్శనలో ఒక తేజస్ కూలి పైలట్ మరణించడం దేశాన్ని కలచివేసింది.

బోరు మోటారు లెక్క

ఈ వాదం రైతులకు తెలియనిదేమీ కాదు. బోరు వేసిన రైతు ధర ఒక్కటే చూసి మోటారు కొనడు. కాలిపోతే చుట్టే మెకానిక్ రాయదుర్గంలో ఉన్నాడా, సామాను దొరుకుతుందా, పైరు ఎండేలోగా బాగవుతుందా అని అడుగుతాడు. విమానానికీ అంతే. కొన్న ధర ఒక ఎత్తు, ముప్పై నలభై ఏళ్లు నడపడానికి అయ్యే ఖర్చు ఒక ఎత్తు. యుద్ధం వచ్చిన వేళ అమ్మిన దేశం విడిభాగాలు ఆపితే కోట్ల విమానం షెడ్డులో బొమ్మే. అలాగని సొంత మోటారు తయారయ్యేదాకా పైరు ఆగదు. శత్రువూ ఆగడు. అందుకే ఇప్పటి అవసరానికి కొన్ని కొంటూనే, రేపటికి ఇంజనుతో సహా సొంతంగా చేసుకోవాలన్నది రెండు పక్షాల వారూ ఒప్పుకునే మాట. ఏది ఎంత అన్న దగ్గరే తగవు.

చళ్లకెర చెప్పే కథ

సొంత తయారీకి పరీక్షలు కావాలి, పరీక్షలకు నేల కావాలి. చళ్లకెర తాలూకాలో అమృత్ మహల్ కావలి అనే పశువుల మేత బీడు ఉంది. అందులో సుమారు 10 వేల ఎకరాలను రక్షణ పరిశోధన, అణు, అంతరిక్ష సంస్థలకు, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు కేటాయించారు. గొర్రెలు మేపుకునేవారు, కంబళ్లు నేసేవారు మేత పోయిందని ఆందోళన చేశారు. కేసు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2017 మేలో అక్కడ విమాన పరీక్షా కేంద్రం ప్రారంభమైంది. 2019 సెప్టెంబరులో ఒక పైలట్ రహిత విమానం పరీక్షలో ఉండగా జోడిచిక్కేనహళ్లి దగ్గర పొలంలో కూలింది. 2023 ఆగస్టులో మరొకటి హిరియూరు తాలూకాలో పడింది. ఎవరికీ హాని జరగలేదు. సొంత తయారీ ఖర్చులో మేతబీడు పోయిన కాపరి నష్టం కూడా ఉందని ఢిల్లీ లెక్కల్లో కనిపించదు.

మన జిల్లా భూములు

2025 మేలో లేపాక్షి, మడకశిర ప్రాంతంలో 10 వేల ఎకరాల దాకా యుద్ధ విమానాల తయారీకి ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి ప్రతిపాదించినట్లు పత్రికల్లో వచ్చింది. హెచ్.ఎ.ఎల్.ను తరలించుకుపోతారేమోనని కర్ణాటక మంత్రులు అభ్యంతరం చెప్పారు. రెండు రాష్ట్రాలు పోటీ పడేంత విలువ ఈ కాంట్రాక్టులకు ఉందన్నమాట.

అయితే ఈ ప్రాంతానికి రెండు అనుభవాలున్నాయి. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో 8,844 ఎకరాలు కేటాయించారు. చెప్పిన పరిశ్రమలు రాలేదు, వ్యవహారం సి.బి.ఐ. కేసుగా మారింది. పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా 2017లో ఒప్పందం చేసుకుని 2019లో కార్లు బయటికి తెచ్చింది. కంపెనీ విదేశీదా, స్వదేశీదా అన్నదాని కంటే ఒప్పందంలో గడువు, షరతులు ఎంత గట్టిగా ఉన్నాయన్నదే ముఖ్యమని ఈ రెండూ చెబుతున్నాయి.

చదువు విషయంలో అనంత వెనుకబడి లేదు. 2018 నుంచి 2022 దాకా రక్షణ పరిశోధన సంస్థకు అధిపతిగా ఉన్న జి.సతీష్‌రెడ్డి అనంతపురం జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాలలో చదివినవారే. అలాంటి అవకాశం రాయదుర్గం, కళ్యాణదుర్గం ఐ.టి.ఐ. కుర్రాళ్లకు కూడా అందాలంటే విమాన భాగాల తయారీకి పనికివచ్చే వెల్డింగు, ఫిట్టరు, యంత్రాల పని శిక్షణ ఇప్పుడే మొదలు కావాలి. ఫ్యాక్టరీ వచ్చాక శిక్షణ మొదలుపెడితే ఉద్యోగాలు బయటివారికి, కాపలా పని ఊరివారికి మిగులుతుంది.

కాంట్రాక్టు ఫ్రాన్సుకు ఇచ్చినా, బెంగుళూరుకు ఇచ్చినా మూడు విషయాలు కాగితం మీద ఉండాలి. ఏ భాగం ఎక్కడ తయారవుతుంది, పని నేర్పేది ఎవరు, గడువు దాటితే భూమి తిరిగి ఎవరికి చెందుతుంది. భూములు ఇచ్చే గ్రామాల సభల్లో ఈ మూడింటికీ జవాబు చెప్పించవలసిన బాధ్యత జిల్లా ప్రజాప్రతినిధులపై ఉంది.