చాందా యడవియు, ఉడుకునీటి బుగ్గయు

ఇటీవల అమెరికా పోయివచ్చిన మిత్రులొకరు ఎల్లోస్టోన్ వనమునందు తీసిన చిత్రములను మాకు చూపిరి. నేలను చీల్చుకొని యెగయు ఉడుకునీటి ధారలను, ఆవిరులు గ్రక్కు మడుగులను, కొండకొమ్మునుండి దుముకు జలపాతములను చూపి, "మన దేశమున నిట్టివి లేవుగదా" యని వారు నిట్టూర్చిరి. ఆ మాట మనస్సున నుండగనే యొక వ్యాజ్యముపని మీద మాకు చంద్రపురము పోవలసివచ్చినది. పని ముగిసినపిదప తాడోబా వనమును, తిరుగుత్రోవలో పెనుగంగ చెంతనున్న ఉనకేశ్వరమును చూచితిమి.

చంద్రపురము తెలుగువారికి పరాయి యూరు కాదు. చాందా యను పాత పేరే మన పెద్దల నోట నేటికిని వినబడును. గోండురాజులు కట్టిన యీ పురమునకు చైత్రమాసమున మహాకాళి జాతరకై మనవారు తండోపతండములుగ పోవుదురు. బల్లార్షా బొగ్గుగనులలో మనవారి చెమట చాల యింకినది.

మిత్రుని నిట్టూర్పునకు మొదట సమాధానము చెప్పెదము. ఎల్లోస్టోన్ నేలక్రింద కరగిన రాయి కలదు. ఇరుకు సందులలో చిక్కిన నీరు ఆ వేడికి కాగియు, పైనున్న నీటి బరువుచేత ఆవిరి కాజాలక యుండును. పైనీరు కొంచెము పొర్లి బరువు తగ్గినతోడనే లోని నీరు ఒక్కుమ్మడి నావిరియై పైకి చిమ్ముకొనును. అట్టి చిమ్ముబుగ్గలు అచ్చట సుమారు 500 కలవు. మన గోదావరి సీమలో నట్టి యగ్ని లేదు. వాననీరు నేల పగుళ్లవెంట మిక్కిలి లోతునకు దిగి, కిలోమీటరునకు సుమారు 25, 30 డిగ్రీల చొప్పున పెరుగు భూమివేడిమిచే కాగి, మరియొక పగులు దొరికినచోట మెల్లగ పైకివచ్చును. ఉనకేశ్వరపు గుండమున చర్మవ్యాధులు పోవునని మునుగు యాత్రికులు కోరునది యీ నీటినే. మణుగూరు దాపున పగిడేరులో బొగ్గుకై తవ్విన బోరులనుండి వేడినీరు తనంత పొంగినది. దానితో 20 కిలోవాట్ల విద్యుత్తును పుట్టించు ప్రయోగశాలను సింగరేణివారు నెలకొల్పిరి. జలపాతములకును కొరత లేదు: ఆదిలాబాదు సీమలో కడెము నదిపై కుంటాల, దాని చెంత పొచ్చెర కలవు. కావున లేనిది సంపద కాదు; చూచు కన్ను.

అయినను మా చింత వేరు. చాందా బొగ్గును, మణుగూరు బొగ్గును కోట్ల యేండ్లనాడు వార్ధా, ప్రాణహిత, గోదావరుల వెంట క్రుంగిన లోయలోనే పుట్టినవి. ఆ బొగ్గుతో చంద్రపురపు విద్యుత్కేంద్రము 2,920 మెగావాట్ల సామర్థ్యముతో నిలిచియున్నది. ఆ పొగగొట్టములకు కొలది దూరముననే తాడోబా యడవి మొదలగును. 1935లో నచ్చట వేట నిషిద్ధమాయెను. 1955లో, చాందా మధ్యప్రదేశమున నుండగనే, అది జాతీయవనమాయెను. 1995లో అంధారీ అభయారణ్యముతో కలిసి పులుల రక్షితారణ్యమైనది. అచ్చట పెరిగిన పులులు చోటు చాలక నదులు దాటి కాగజ్‌నగరు అడవులకు వచ్చుచున్నవి. మన వార్తాపత్రికలలో మీరు చదువు పులి పెక్కుమారులు చాందా బిడ్డయే.

తాడోబా చెరువుగట్టున నొక మహావృక్షముక్రింద తారుదేవుని గుడి కలదు. పులితో పోరి మడిసిన గ్రామపెద్దయే యీ దేవుడని ఆదివాసుల విశ్వాసము. ఆ దేవుని పేరే వనమునకు వచ్చినది. ఆ చెట్టునీడను నిలిచినపుడు మాకు తోచినదిది: పులివాతబడిన మనిషిని దేవుని చేసికొనియు పులిని పగబట్టని జనమునకు, అడవిని కాపాడుమని నగరవాసులు పాఠము చెప్పనేల?

1872 నాటి ఎల్లోస్టోన్ శాసనము ఆ వనమును ప్రజల సుఖమునకై కేటాయించినది. అయిన నచ్చట ముందునుండి బ్రతుకుచున్న షోషోనీలు మొదలగు జాతులు ఆ 'ప్రజల'లో చేరలేదు, వారు వెడలగొట్టబడిరి. సరిగ నూరేండ్లకు, 1972లో, మన వన్యప్రాణి శాసనము వచ్చినది. ఆ తప్పును దిద్దుటకు మనకు 2006 నాటి అటవీహక్కుల శాసనమును, అదే యేట వన్యప్రాణి శాసనమునకు చేసిన సవరణయు కలవు. గ్రామసభ తెలిసి సమ్మతింపనిదే తరలింపు కూడదని వానిలో స్పష్టముగ నున్నది. శాసనము మంచిదే; అమలుపరచు చేయియే దానికి ప్రాణము. 2025 మే నెలలో కుమురంభీము జిల్లాలో పులుల త్రోవను సంరక్షణ క్షేత్రముగ ప్రకటించిన యుత్తర్వు, ఆదివాసుల నిరసనపై జులైలోనే నిలుపుదల కాబడెను. ముందడుగవలసినది వెనుక నడిగిన ఫలితమిది. పులికిని మేలు కలుగలేదు, మనిషికిని నమ్మకము కలుగలేదు.

గనికి కావలసినపుడు అడవి తరుగవచ్చును, పులికి కావలసినపుడు ఊరు కదలవచ్చును, మన దీపముమాత్రము వెలుగుచునే యుండవలెనను న్యాయమును రాజధానిలోని విద్యావంతులమగు మనము ఎంతకాలము మౌనముగ నంగీకరింతుము? న్యాయవాదులు, ఇంజనీర్లు, అధికారులు మనలో చాలమంది కలరు. రాబోవు సెలవులలో నొకమారు చాందా పోయి రండు. పులి కనబడినను కనబడకున్నను, తారుదేవుని చెట్టుక్రింద కొంత తడవు నిలిచి రండు. భూగర్భమున దాగిన వేడిమి నెమ్మదిగ పైకి వచ్చునని ఉనకేశ్వరపు గుండము చెప్పుచునే యున్నది.