హితాహారము – ఇంటి వ్యయము

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూత్రముల ప్రకారము, దినమునకు 2000 కెలోరీలు కావలసిన వ్యక్తికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు అవసరము. అట్టివారు అయిదుగురున్న ఇంటికి ఇది రెండున్నర కిలోలు. గృహస్థులు దీనిని పాటింపకుండుటకు అజ్ఞానమొక్కటే కారణము కాదని మా అభిప్రాయము.

మొదటిది వెల. బియ్యము చౌకధరల దుకాణమున లభించును. పండ్లును, ఆకుకూరలును రొక్కమిచ్చి అంగడిలో కొనవలయును. ఆదాయము తగ్గినపుడు ముందుగా తగ్గునవి ఇవియే. ఏలయన తక్కువ ఖర్చుతో ఆకలి తీర్చునది అన్నమే.

రెండవది కాలము. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన పిమ్మట మన రాబర్ట్‌సన్‌పేట వాసులనేకులు రైలెక్కి బెంగుళూరికి పనికి పోవుచున్నారు. రాత్రి అలసి తిరిగివచ్చినవారికి రాగిసంకటి కెలుకుటకు ఓపిక యుండదు. కాలమునకును వెల కలదు గదా!

మూడవది ఫలము ఆలస్యమగుట. నూనె వంటకపు రుచి తక్షణమే తెలియును. మితాహారపు మేలు ఏండ్లకు గాని కనబడదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ఖరీదైన పండ్లకై విచారింపక, మన కోలారు జిల్లాలో పండెడు రాగులను, ఆ యా ఋతువులలో చౌకగా దొరకు కూరలను ఎన్నుకొనుడు. సెలవు దినమున రాగులు పిండి పట్టించి యుంచినచో ఉదయమున జావ త్వరగా సిద్ధమగును. ధనమును, కాలమును రెంటిని ఆదా చేయు ఆహారమే పిల్లల కంచములో నిలుచును.