బోరు మోటారు నుంచి కొట్టానికి కరెంటా? ఎర్తుతో ఆటలొద్దు!

యాసంగి వేరుశనగ కాయ పట్టే వేళకు అడవిపందుల బెడద మొదలవుతుంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు చేలల్లోనైతే చెప్పనక్కరలేదు. వనపర్తి పల్లి చేలల్లోనైనా, గద్వాల నడిగడ్డ పత్తి విత్తన చేలల్లోనైనా బోరు పక్కన ఒక గుడిసో, పశువుల కొట్టమో ఉంటుంది. రాత్రి కావలికి బల్బు కావాలి. ఉక్కపోతకు ఫ్యాను కావాలి. గేదెలు రెండు పెరిగితే గడ్డి కోసే చాఫ్‌కట్టర్ కావాలి. ఎదురుగానే స్టార్టర్ డబ్బా ఉంది. ఒక వైరు గుంజితే పనైపోతుంది గదా అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఎర్తు న్యూట్రల్ కాదు

బోరు మోటారుకు మూడు ఫేజులు వస్తాయి. ఏ రెండు ఫేజుల మధ్య అయినా 400 వోల్టుల పైచిలుకు ఉంటుంది. బల్బుకు, ఫ్యానుకు కావలసింది 230 వోల్టులు. అది ఒక ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య దొరుకుతుంది. మూడు ఫేజుల మోటారు తిరగడానికి న్యూట్రల్‌తో పనిలేదు కనుక చాలా స్టార్టర్ల దగ్గర ఆ వైరే ఉండదు. అందుకని కొందరు ఒక ఫేజు తీసుకుని, రెండో కొసను ఎర్తు కడ్డీకి కట్టేస్తున్నారు. బల్బు వెలుగుతుంది. వెలుగుతోంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు.

అసలు సంగతి వేరు. ఎర్తు కడ్డీ మీదుగా మామూలు రోజుల్లో కరెంటు పారకూడదు. మన చెలక నేలలు ఎండాకాలంలో రాయిలా గట్టిపడతాయి. తేమ లేని నేలలో ఎర్తు కడ్డీ నిరోధం 100 ఓములు దాటవచ్చు. ఫ్యాను, బల్బులు కలిసి 1 యాంపియరు లాగాయంటే ఆ కడ్డీ మీద 100 వోల్టులు నిలుస్తాయి. స్టార్టర్ ఇనుప డబ్బా కూడా అదే కడ్డీకి కట్టి ఉంటుంది. అంటే డబ్బాలోకీ కరెంటు వచ్చినట్లే. తెల్లారి తడి కాళ్లతో వెళ్లి మోటారు వేయబోయే రైతుకు షాకు తగులుతుంది. ఎర్తు వైరు తుప్పుపట్టి కడ్డీ దగ్గర తెగితే ఇంకా ఘోరం.

చిన్న బల్బే గదా అని తేలిగ్గా తీసుకోవద్దు. 9 వాట్ల బల్బు తీసుకునే కరెంటు తక్కువలో తక్కువ 40 మిల్లీ యాంపియర్లు. అంత కరెంటు మనిషి గుండె మీదుగా కొద్దిసేపు పారినా ప్రాణం పోవచ్చు.

ముందు లెక్క వేసుకోండి

కొట్టంలో ఏమేమి వాడతారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎల్‌ఈడీ బల్బు 9 వాట్లు. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు. 2 హార్స్‌పవర్ చాఫ్‌కట్టర్ దాదాపు 1,500 వాట్లు. సింగిల్ ఫేజులో ఇది సుమారు 10 యాంపియర్లు లాగుతుంది. బల్బులు, ఫ్యాను ఒక లెక్క, చాఫ్‌కట్టర్ ఒక లెక్క.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజు మీద సుమారు 33 యాంపియర్లే మోయగలదు. 5 హార్స్‌పవర్ మోటారు ఒకటి ఏడెనిమిది యాంపియర్లు లాగుతుంది. నాలుగు మోటార్లు నడుస్తుంటేనే అది నిండిపోయినట్లు. ఆపైన ఒకే ఫేజు మీద చాఫ్‌కట్టర్ పడితే ఫీజు కొట్టేస్తుంది. ఫీజు నిలవడం లేదని లావు తీగ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. అప్పుడు మీ పంటతోపాటు పక్క రైతుల పంటా ఎండుతుంది.

అనుమతితోనే కనెక్షన్

వ్యవసాయ సర్వీసు సాగునీటి మోటారుకు ఇచ్చినది. ఇచ్చిన పనికి కాక వేరే పనికి కరెంటు వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు చార్జీ వేస్తారు. కాబట్టి సబ్ స్టేషన్‌లో ఏ.ఈ. గారిని కలిసి కొట్టానికి వేరుగా మీటరు కనెక్షన్ అడగండి. అది తీసుకుంటే న్యూట్రల్ కూడా వస్తుంది. స్తంభం మీద, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని లైన్‌మన్‌దే. మనం కర్ర పట్టుకుని కొక్కేలు తగిలించకూడదు.

వైరు, బోర్డు ఎలా ఉండాలి?

* దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. 100 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు బల్బులకు, ఫ్యానుకు చాలు. అదే వైరు మీద చాఫ్‌కట్టర్ వేస్తే నడుస్తున్నప్పుడే 24 వోల్టుల దాకా పోతుంది. మోటారు లేచేటప్పుడు దానికి ఎన్నో రెట్లు. మోటారు లేవదు, గుంయ్‌మని కాలిపోతుంది. దానికి కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కావాలి.
* మధ్యలో అతుకులు ఉండరాదు. వైరును చెట్టు కొమ్మలకు, కంచె తీగకు, బట్టలారేసే దండేనికి కట్టరాదు.
* బోర్డులో ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంపే మెయిన్ స్విచ్, వైరుకు తగిన ఎంసీబీ, 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఎంసీబీ వైరును కాపాడుతుంది. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. నెలకొకసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఫేజు, ఎర్తు పెట్టి బల్బు వేస్తే ఆర్‌సీసీబీ నిలవదు. పాడైందని దాన్ని పీకేయకండి. తప్పు ఉందని అది చెబుతోంది.
* కొట్టానికి వేరే ఎర్తు వేసుకోవాలి. రెండున్నర మీటర్ల జీఐ పైపు నిలువుగా దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి, ఎండాకాలంలో నీళ్లు పోస్తుండాలి. చాఫ్‌కట్టర్ ఇనుప బాడీని ఈ ఎర్తుకు కలపాలి.
* ఆటో స్టార్టర్ ఉన్న చోట మోటారు ఎప్పుడు లేస్తుందో తెలియదు. మెయిన్ ఆపి, ఫీజులు తీసి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టండి.

పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాని మీద పడేది పంది కావచ్చు, పక్క చేను రైతు కావచ్చు, మీ పిల్లవాడే కావచ్చు.

బల్బు, ఫ్యానుకే అయితే సోలార్ మేలు

రెండు బల్బులు 5 గంటలు, 25 వాట్ల డీసీ ఫ్యాను 8 గంటలు నడిస్తే రోజుకు సుమారు 290 వాట్ అవర్లు అవుతుంది. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 400 దాకా ఇస్తుంది. 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ, చార్జ్ కంట్రోలర్ ఉంటే సరిపోతుంది. 12 వోల్టులకు షాకు భయం లేదు. అయితే వైర్లు కలిస్తే బ్యాటరీ నుంచి మంట లేవవచ్చు కనుక బ్యాటరీ పక్కనే ఫీజు పెట్టాలి. గొర్ల మందతో ఊరూరు తిరిగే కాపరులకు కూడా ఇదే తగిన దారి. బండి మీద పెట్టుకుని పోవచ్చు, ఎవరి స్టార్టర్ డబ్బా ముట్టుకునే పని ఉండదు.

ఎవరికైనా షాకు తగిలితే ముందు మెయిన్ ఆపండి. ఆపే వీలు లేకపోతే ఎండు కర్రతో వైరును పక్కకు నెట్టండి. స్తంభాల మీది తీగ తెగి పడి ఉంటే మాత్రం దగ్గరికి పోకుండా 1912కు ఫోన్ చేయండి. మనిషిని విడిపించాక ఊపిరి లేకపోతే ఛాతీ మీద గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి.

ఈ సాయంత్రం చేనికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. మీ గుడిసె బల్బు రెండో వైరు ఎక్కడికి పోతోందో కంటితో చూడండి. అది ఎర్తు కడ్డీకి పోతుంటే దేన్నీ ముట్టుకోకండి. లైన్‌మన్‌ను పిలిచి, కరెంటు ఆపించి తీయించండి. అంతవరకు టార్చిలైటుతో గడపండి.