కారు పరుగు, చెట్టు సాక్ష్యం

వానాకాలంలో ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే బస్సు కొల్లేటి మధ్యకు వచ్చేసరికి నెమ్మదించిందేమో అనిపిస్తుంది. డ్రైవరు వేగమేమీ తగ్గించి ఉండడు. అటూ ఇటూ నీళ్లు, ఎక్కడో దూరాన పక్షులు. కంటికి దగ్గరగా ఏమీ లేదు. అదే బస్సు చెట్ల వరుసలోకి దూరిందా, రివ్వున పోతున్నట్టుంటుంది! వేగం సంగతి మనకు చెప్పేది చక్రం కాదు, దారి పక్కనున్న చెట్టు.

కారు పందెం వీడియో ఆటల కిటుకంతా ఇందులోనే ఉంది. 1986లో జపానులోని సేగా కంపెనీలో యూ సుజుకి రూపొందించిన 'అవుట్ రన్' చూడండి. రోడ్డు బొమ్మను అడ్డగీతలుగా పేర్చి, ఒక్కొక్క గీతనూ కాస్త పక్కకు జరిపితే మలుపు వచ్చింది. చిన్న చెట్టు బొమ్మను క్షణక్షణానికీ పెంచితే అది మీదికి వచ్చినట్టయింది. 1984 నాటి కొనామీవారి 'రోడ్ ఫైటర్' అయితే, టీవీకి తగిలించే క్యాసెట్ల రోజుల్లో మన ఇళ్లలో కూడా "పెట్రోలు అయిపోతోంది!" అని కేకలు పెట్టించింది.

ఆ పాత బాణీలోనే ఇప్పుడు చిన్న చిన్న సంస్థలు కొత్త ఆటలు చేస్తున్నాయి. బ్రెజిల్ దేశపు ఆక్విరిస్ సంస్థ 2015లో తెచ్చిన 'హొరైజన్ చేజ్' అటువంటిదే. 1992 నాటి 'టాప్ గేర్' ఆటకు పాటలు కట్టిన బ్యారీ లీచ్ చేతనే దీనికీ సంగీతం చేయించారు. ఇక 2013 నుంచి స్టీమ్ అనే ఆటల దుకాణంలో, తయారీలో ఉన్న ఆటనే అమ్మి, ఆడినవారి మాట విని సరిదిద్దే పద్ధతి కూడా వచ్చింది. అంటే తాడేపల్లిగూడెంలో ఆడే కుర్రవాడి మాటకూ విలువుందన్న మాట.

మరి ఆ మాట ఎలా చెప్పాలి? "బాగుంది" అంటే తయారుచేసినవాడికి సంతోషమే గాని ఉపయోగం లేదు. "బాగాలేదు" అంటే అదీ లేదు. "కారు వేగం పెంచండి" అన్నది ఉపయోగంగానే కనిపిస్తుంది. కాని అతను నమ్మి పెంచితే మలుపుల్లో కారు నిలవదు. కావలసింది వేగం కాదు, దారి పక్కన నాలుగు చెట్లేమో! వైద్యుడి దగ్గరకు వెళ్లి నొప్పి ఎక్కడో చెప్పాలి గాని, మందు పేరు మనమే చెబుతామా?

"రెండో పందెంలో మూడో మలుపు దగ్గర, ముందున్న కారు కనిపించేలోపే గుద్దుకున్నాను. అయిదుసార్లూ అక్కడే. ఆడింది ఫోన్‌మీద" అని రాస్తే చాలు. అతనికి బంగారం దొరికినట్టే. ఏళ్ల తరబడి అదే ఆట ఆడి, అతని చేతికి ఆ మలుపు అలవాటై పోయింది. కొత్తవాళ్ల కష్టం అతని కంటికి ఆనదు. అందుకే ఎన్నడూ ఆడని అమ్మ చేతికి ఒకసారి ఇచ్చి, ఆమె ఎక్కడ తికమకపడిందో రాసినా మంచిదే. ఆ తప్పు బయటపడకపోతే, కొన్నవాళ్లు పది నిమిషాలకే విసిగి పక్కన పెడతారు. అతని ఏళ్ల శ్రమ అక్కడితో సరి.

సెలవుల్లో పిల్లలు ఆడుతుంటే "ఇక చాలించు" అనేముందు ఒక కాగితం, పెన్సిలూ ఇచ్చి చూడండి. ఎక్కడ ఓడాడో, అప్పుడేం జరిగిందో నాలుగు ముక్కలు రాయమనండి. చూసింది చూసినట్టు రాయడం అబ్బితే, అది బడిలోనూ పనికివస్తుంది.