కొండల్లో తెలుగు తోబుట్టువులు

విశాఖపట్నం నుంచి అనకాపల్లికి పోయే జాతీయ రహదారిపై కూర్మన్నపాలెం ఉంది. ఉక్కు కర్మాగారానికి వెళ్ళే దారి అక్కడే చీలుతుంది. ఉద్యోగరీత్యా దేశం నలుమూలల నుంచి వచ్చినవారు స్థిరపడినందువల్ల ఆ పరిసరాల్లో హిందీ, ఒడియా, బెంగాలీ, తమిళం మొదలైన భాషలు వినిపిస్తాయి. అయితే తెలుగుకు అతి సన్నిహితమైన బంధువులు వీటిలో లేరు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖకు చేరవేసే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం తూర్పు కనుమల గుండా సాగుతుంది. ఆ బంధువులున్నది ఆ కనుమల్లోనే.

కొండలు, లోయలు జనుల రాకపోకలను పరిమితం చేస్తాయి. అందువల్ల పర్వత ప్రాంతాల్లో చిన్న చిన్న భాషలు ఎక్కువగా నిలిచి ఉంటాయి. పపువా న్యూగినీ దేశంలో 800కు పైగా భాషలు ఉండటానికి ఇదొక కారణం. మన తూర్పు కనుమల్లోనూ ఇటువంటి వైవిధ్యమే కనిపిస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు జీవితకాలం పరిశ్రమించిన సవర భాష ముండా కుటుంబానికి చెందినది. గదబలలో కొందరిది ముండా భాష, మరికొందరిది ద్రావిడ భాష. తెగ పేరు ఒక్కటే అయినా భాషా కుటుంబాలు వేరు.

ఈ భాషలలో కొండ, కువి, కుయి, పెంగో, మండ, గోండి భాషలను తెలుగుతో కలిపి ద్రావిడ కుటుంబంలో ఒక శాఖగా భాషాశాస్త్రవేత్తలు గుర్తించారు. సాహిత్య సంపద గల తమిళ, కన్నడాలకంటె, లిఖిత సాహిత్యం అంతగా లేని ఈ భాషలే తెలుగుకు దగ్గరి చుట్టాలు.

వీటిలో కొండ భాషకు కూబి అనే పేరు కూడా ఉంది. దీనిని మాట్లాడే కొండదొరలు అరకులోయ పరిసరాల్లో నివసిస్తారు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆ ప్రాంతంలో పదాలను, వాక్యాలను, కథలను సేకరించి, కొండ భాషా వ్యాకరణాన్ని 1969లో ఆంగ్లంలో ప్రచురించారు.

బంధుత్వాన్ని నిరూపించడానికి ఒక చిన్న పదం చాలు. తమిళంలో ‘అవన్’, కన్నడంలో ‘అవను’ అనే సర్వనామాలు అచ్చుతో మొదలవుతాయి. తెలుగులో అది ‘వాడు’. కొండ భాషలో ‘వాన్ఱు’. ఈ రెండింటిలోనూ మొదటి అచ్చు తన స్థానం వదలి హల్లు తరువాతికి జరిగింది. ప్రాచీన తెలుగులో ‘వాఁడు’ అని అరసున్నతో రాసేవారు. ఆ అరసున్న పూర్వపు నకారానికి గుర్తు. కొండ భాషలో ఆ నకారం నేటికీ పలుకుతుంది.

‘ఱ’ అక్షరం కథ కూడా ఇటువంటిదే. పూర్వకవులు ర, ఱలను వేర్వేరు ధ్వనులుగా పాటించారు. కాలక్రమంలో తెలుగువారి ఉచ్చారణలో ఆ భేదం నశించి, బండి ఱ వర్ణమాలకే పరిమితమైంది. కొండ భాషలో మాత్రం ఆ భేదం సజీవంగా ఉంది. లిపిలేని ఆ భాష, తెలుగు పోగొట్టుకొన్న ధ్వనిని కాపాడింది.

ఇంతటి విలువైన భాషను మాట్లాడేవారు 2011 జనగణన ప్రకారం దాదాపు 60 వేల మందే. ఎందరో కొండదొరలు ఇప్పటికే తెలుగుకు మారిపోయారు. చదువు, సంత, కార్యాలయం, ఉద్యోగం అన్నీ తెలుగులోనే జరుగుతున్నప్పుడు ఇంటి భాషకు చోటు తగ్గడం సహజం. ఈ స్థితిని గమనించి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కొండ, కువి, సవర మొదలైన ఎనిమిది భాషల్లో గిరిజన బాలలకు ప్రాథమిక బోధన ఆరంభించారు. వాచకాలు తెలుగు లిపిలోనే వెలువడ్డాయి. బాలలు తెలిసిన భాషలో అక్షరాలు నేర్చి, క్రమంగా తెలుగులోకి రావాలన్నది దాని ఉద్దేశం.

ఒక భాష మూగవోతే ముందుగా నష్టపోయేది దానిని మాట్లాడే ప్రజలు. వారి పాటలు, కథలు, చెట్టుచేమల పేర్లు దానితోనే పోతాయి. కొండ భాష విషయంలో తెలుగువారికి మరొక నష్టం కూడా ఉంది. తెలుగు ఒకప్పుడు ఎలా పలికేదో తెలిపే సాక్ష్యం శాసనాలలో, కావ్యాలలో అక్షరరూపంలో ఉంది. అరకు కొండల్లో మనుషుల నోట ఉంది. ఆ పలుకు ఆగిపోతే మిగిలేది అక్షరమే.