చట్టము లెక్కించని దినములు

కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెననియు మనవారిలో ఒక సామెత కలదు. ఆస్తి తగాదాలకై ఏండ్ల తరబడి తిరిగినవారి అనుభవమునుండి పుట్టిన మాట యిది. వ్యాజ్యము పదేండ్లు సాగినను పొలము ఎక్కడికిని పోదు. రాత్రి దెబ్బలు తిని, తెల్లవారుటకై ఎదురుచూచు ఇల్లాలికి పది దినములు కూడ దీర్ఘకాలమే. ఆమె మొదట కోరునది ఆ చేయి మరల తనపై లేవకుండ ఆపగల ఒక ఉత్తర్వు.

అట్టి ఉత్తర్వు మన దేశమున 2005 నాటి గృహహింస నుండి మహిళల రక్షణ చట్టముతో లభించినది. ఆ చట్టము 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చినది. భర్తయు, అతని బంధువులును పెట్టు బాధలను నేరముగా పరిగణించు 498-ఎ సెక్షను 1983లోనే శిక్షాస్మృతిలో చేరినది గాని, దాని పని శిక్షించుట. బాధితురాలికి నిలువ నీడ చూపుట దాని పరిధిలో లేదు. 2005 చట్టము ఆ లోటును తీర్చినది. హింసను నిషేధించుట, ఆమెను ఇంటినుండి వెళ్ళగొట్టకుండ ఆపుట, పోషణకు సొమ్ము ఇప్పించుట, బిడ్డలను తాత్కాలికముగా ఆమెకు అప్పగించుట ఇవన్నియు మేజిస్ట్రేటు చేయవచ్చును. కొట్టుట యొక్కటే హింస కాదనియు, దూషణయు, లైంగిక పీడనమును, తిండికి డబ్బు లేకుండ చేయుటయు హింసయే యనియు ఈ చట్టము స్పష్టముగా చెప్పినది.

ఉత్తర్వు సులభముగా అందవలెనని చట్టకర్తలు కొన్ని మార్గములు ఏర్పరచిరి. బాధితురాలు పుట్టింట తాత్కాలికముగా తలదాచుకొన్నను, అక్కడి కోర్టులోనే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. దరఖాస్తు అందిన 3 దినములలో సాధారణముగా మొదటి విచారణ జరుగవలెను. ఆపై 60 దినములలో ముగించుటకు ప్రయత్నింపవలెను. అపాయము కనబడినచో, ఆమె ప్రమాణపత్రమును బట్టి, ఎదుటి పక్షము రాకముందే ఉత్తర్వు ఇయ్యవచ్చును. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినవానికి ఒక సంవత్సరమువరకు ఖైదు గాని, 20,000 రూపాయలవరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

సుప్రీంకోర్టు ఈ ద్వారమును మరికొంత వెడల్పు చేసినది. 2016లో ఇచ్చిన తీర్పుతో, హింసించిన స్త్రీపైన కూడ ఫిర్యాదుకు వీలు కలిగినది. కోడలు కాపురమున్న ఇల్లు అత్తమామల పేర నున్నను, అందులో నివాసపు హక్కు కోరవచ్చునని 2020లో చెప్పినది. రక్షణాధికారి నివేదిక లేదను కారణముతో మేజిస్ట్రేటు ఉత్తర్వు ఆపనక్కరలేదని 2022లో తేల్చినది.

ఇన్ని ఉన్నను, ఆ ద్వారమువరకు వచ్చువారు కొద్దిమంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేక లైంగిక హింసకు గురియైన స్త్రీలలో నూటికి 14 మంది మాత్రమే సహాయము కోరినట్లు తేలినది. 77 మంది ఎవ్వరితోను చెప్పుకొననైనను లేదు. దరఖాస్తు వ్రాయించి, వైద్యము చేయించి, వసతి చూపవలసిన రక్షణాధికారి పలుచోట్ల వేరు ఉద్యోగముతోపాటు ఈ భారమును అదనముగా మోయుచున్నాడు. జిల్లా, తాలూకా స్థాయిలలో ఈ అధికారులను గుర్తించి నియమింపవలెనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశింపవలసి వచ్చినది. చట్టములోని 3 దినములు కాగితము కోర్టుకు చేరిన నాటినుండి మొదలగును. అంతకుముందు ఆమె ఇంటిలో గడపిన దినములను లెక్కించువారు లేరు.

ఆ దినములను తగ్గించుటలో బడికిని పాత్ర కలదు. తల్లి దెబ్బలు చూచిన బిడ్డ మరునాడు తరగతిలో మూగవోవును, పాఠము అప్పజెప్పలేకపోవును. దానిని మొట్టమొదట గమనించువాడు తరచుగా ఉపాధ్యాయుడే. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చునని ఈ చట్టములోని 4వ సెక్షను చెప్పుచున్నది. సద్బుద్ధితో తెలిపినవారిపై కేసు ఉండదనియు అందులోనే హామీ కలదు. తల్లిని ఏకాంతమున విచారించి, ఆమె ఇష్టమును తెలిసికొని అడుగు వేయుట మేలు. 181 సంఖ్యకు ఫోను చేసినచో మహిళా సహాయకేంద్రము పలుకును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచితముగా న్యాయవాదిని ఏర్పరతురు; అందులకు 15100 సంఖ్య ఉన్నది.

ఇంటిగుట్టు లంకకు చేటని పెద్దలు చెప్పి, కూతుళ్ళ నోరు మూయించుట మనకు తెలిసినదే. లంక గుట్టు విభీషణుడు చెప్పకముందే, చెరలోనున్న స్త్రీ కన్నీరు అక్కడ నేలను తడిపినది. చేటు ఆనాడే మొదలైనది. ఆ సంగతి పిల్లలకు చెప్పవలసినవారు, సామెతను నేర్పు ఉపాధ్యాయులే.